పెరుగుతున్న సముద్ర మట్టం - గోదావరి, కృష్ణా డెల్టాల మడ అడవుల మనుగడ

నదులు సముద్రంలో కలిసే చోట, పోటు నీరు వచ్చిపోయే బురద నేలలలో పెరిగే అడవులను మడ అడవులు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి ప్రధానంగా గోదావరి, కృష్ణా నదుల మొగల వద్ద విస్తరించి ఉన్నాయి. గోదావరి డెల్టాలో 1978లో ఏర్పాటైన కోరింగ వన్యప్రాణి అభయారణ్యం 235.70 చదరపు కిలోమీటర్ల మేర, కృష్ణా డెల్టాలోని కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం 194.81 చదరపు కిలోమీటర్ల మేర ఈ అడవులకు, వాటి మధ్య ప్రవహించే పాయలకు రక్షణ కల్పిస్తున్నాయి. 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ అనంతరం ఈ ప్రాంతాలు కాకినాడ, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ, కృష్ణా, బాపట్ల జిల్లాల పరిధిలోకి వచ్చాయి.

భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2023 నివేదిక ప్రకారం దేశంలో మడ అడవుల విస్తీర్ణం 4,991.68 చ.కి.మీ. ఇందులో ఆంధ్రప్రదేశ్ వాటా 421.43 చ.కి.మీ. అంతకు ముందు 2021లో వెలువడిన లెక్కలతో పోల్చినప్పుడు దేశం మొత్తం మీద 7.43 చ.కి.మీ. తగ్గగా, ఆంధ్రప్రదేశ్‌లో 13.01 చ.కి.మీ. పెరిగింది.

ఈ పెరుగుదల హర్షించదగినదే. అయితే ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వేసే విస్తీర్ణపు లెక్క అడవి ఎంత మేర పరచుకొని ఉన్నదో చెబుతుంది. సముద్ర మట్టం పెరుగుతున్న ఈ కాలంలో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. సముద్రం ఎంత వేగంగా పైకి వస్తున్నదో, అడవి కింది నేల కూడా అంత వేగంగా పైకి లేస్తున్నదా అన్నదే ఆ ప్రశ్న. దీనికి సమాధానం మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది. అవి నది తెచ్చే ఒండ్రు మట్టి, నది వదిలే మంచినీరు, అడవి వెనుకకు జరగడానికి కావలసిన జాగా. ఈ మూడూ సమకూరిన చోట మడ అడవి సముద్రంతో పాటు ఎదగగలదు. ఏ ఒక్కటి లోపించినా మొక్కలు ఎన్ని నాటినా ఫలితం నిలవదు.

మడ చెట్ల ప్రత్యేకత

సాధారణ వృక్షాలు బతకలేని మూడు పరిస్థితులను మడ చెట్లు తట్టుకుంటాయి. అవి ఉప్పు నీరు, గాలి ఆడని బురద, నిత్యం వచ్చిపోయే ఆటుపోట్లు. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ పెన్సిళ్ళు గుచ్చినట్లు నేల నుంచి పైకి పొడుచుకు వచ్చే శ్వాస వేర్ల ద్వారా వేరు వ్యవస్థకు గాలి అందుతుంది. ఉప్పు పొన్న జాతికి కాండం నుంచి విల్లు వలె వంగి నేలలో దిగే ఊత వేర్లు ఉంటాయి. ఈ జాతి విత్తనం తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవైన మొలకగా మారిన తరువాతనే బురదలోకి రాలుతుంది. తెల్లమడ ఆకులు అదనపు ఉప్పును బయటకు విసర్జిస్తాయి. వీటితో పాటు తిల్ల, గుగ్గిలం వంటి జాతులు కూడా గోదావరి, కృష్ణా మడలలో పెరుగుతున్నాయి.

ఈ జాతులన్నీ ఒకే చోట కలగాపులగంగా పెరగవు. ఒక స్థలం ఎన్ని గంటల పాటు నీటిలో మునిగి ఉంటుంది, అక్కడి ఉప్పదనం ఎంత అన్న దానిని బట్టి ఏ జాతి ఎక్కడ స్థిరపడాలో నిర్ణయమవుతుంది. కనుక సముద్ర మట్టంలో కొద్ది సెంటీమీటర్ల మార్పు కూడా అడవి అమరికను మార్చివేస్తుంది.

రాలిన మడ ఆకులు కుళ్ళి రొయ్య, పండుగప్ప, మండ పీత వంటి జలచరాల పిల్లలకు ఆహారమవుతాయి. కోరింగ పరిసరాలలోని మత్స్యకార కుటుంబాల జీవనోపాధికి ఈ పాయలే ఆధారం. బావురు పిల్లి, నీటికుక్క వంటి అరుదైన జంతువులకు కోరింగ ఆశ్రయమిస్తోంది.

నేల ఎలా ఎదుగుతుంది

మడ అడవి కింది నేల రెండు విధాలుగా ఎదుగుతుంది. పోటు నీటితో, వరద నీటితో వచ్చే ఒండ్రు మట్టి వేర్ల మధ్య వేగం తగ్గి అడుగుకు చేరడం మొదటి విధం. నేల లోపల కొత్త వేర్లు పెరిగి, పాత వేర్లు పూర్తిగా కుళ్ళక పేరుకొని నేలను పైకి నెట్టడం రెండవది. ఇదే సమయంలో డెల్టా నేల తన బరువుకు తాను అణగుతూ ఉంటుంది. ఎదుగుదల నుంచి అణగుదలను తీసివేయగా మిగిలేదే నికరమైన ఎత్తు. దానిని సముద్ర మట్టం పెరుగుదలతో పోల్చి చూసినప్పుడే అడవి నిలుస్తుందా, మునుగుతుందా అన్నది తేలుతుంది.

మునక ఒక్కరోజులో జరిగేది కాదు. నేల వెనుకబడుతున్న కొద్దీ శ్వాస వేర్లు నీటిలో ఉండే సమయం పెరుగుతుంది. మొదట మొలకలు నిలవవు. తరువాత చెట్లు గిడసబారుతాయి. వేర్ల పెరుగుదల తగ్గడంతో నేల ఎదుగుదల కూడా మందగిస్తుంది. పైకి పచ్చగా కనిపించే అడవి లోలోపల బలహీనపడుతూ, ఒక పెద్ద తుఫాను వచ్చినప్పుడు తిరిగి కోలుకోలేని స్థితికి చేరుతుంది.

ఎంత వేగం వరకు తట్టుకోగలదు

వాతావరణ మార్పులపై అంతర ప్రభుత్వ బృందం 2021లో వెలువరించిన ఆరవ అంచనా నివేదిక ప్రకారం 1901-2018 మధ్య ప్రపంచ సగటు సముద్ర మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. 1901-1971 మధ్య ఏడాదికి 1.3 మిల్లీమీటర్లుగా ఉన్న వేగం 2006-2018 మధ్య 3.7 మి.మీ.కు చేరింది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల ప్రకారం 2014-2023 దశాబ్దంలో ఇది ఏడాదికి 4.77 మి.మీ. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993-2017 మధ్య సముద్ర మట్టం ఏడాదికి 3.3 మి.మీ. చొప్పున పెరిగినట్లు కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో విడుదల చేసిన నివేదిక పేర్కొంది.

మడ అడవులు ఎంత వేగాన్ని తట్టుకోగలవన్న విషయమై శాస్త్రజ్ఞులు గత పది వేల సంవత్సరాల చరిత్రను పరిశీలించారు. ప్రపంచంలోని 78 ప్రాంతాలలో నేల పొరల ఆధారంగా జరిపిన ఈ అధ్యయనం 2020లో ప్రచురితమైంది. సముద్ర మట్టం ఏడాదికి 6.1 మి.మీ. కంటే వేగంగా పెరిగిన కాలాలలో మడ అడవులు నిలదొక్కుకోలేకపోయే అవకాశం చాలా ఎక్కువని ఇందులో తేలింది. ఏడాదికి 4 మి.మీ. దాటితే తీర ప్రాంత చిత్తడి అడవులు వెనుకబడే అవకాశం ఉందని, 7 మి.మీ. దాటితే ఆ అవకాశం మిక్కిలి అధికమని 2023లో వెలువడిన మరొక అధ్యయనం పేర్కొంది.

ఇవి ప్రపంచ స్థాయి హద్దులు. ఒక్కొక్క చోట ఫలితం ఒక్కొక్క విధంగా ఉంటుంది. హిందూ, పసిఫిక్ మహాసముద్ర తీరాల మడలపై 2015లో ప్రచురితమైన అధ్యయనం, పరిశీలించిన స్థలాలలో 69 శాతం చోట్ల సముద్ర మట్టం పెరుగుదల నేల ఎదుగుదలను మించిపోయిందని గుర్తించింది. ఆటుపోట్ల వ్యత్యాసం తక్కువగా ఉండి, ఒండ్రు రాక కూడా తక్కువగా ఉన్న చోట్ల 2070 నాటికే అడవులు మునిగిపోవచ్చునని హెచ్చరించింది. ఆటుపోట్ల వ్యత్యాసం ప్రకృతి సిద్ధమైనది. గోదావరి, కృష్ణా మొగల వద్ద అది సుందరబన్స్‌లో కంటే తక్కువ. ఒండ్రు రాక మాత్రం చాలా వరకు మానవ నిర్ణయాలపై ఆధారపడి ఉంది.

గోదావరి: తగ్గిన ఒండ్రు

గోదావరి డెల్టా నది తెచ్చిన మట్టితో ఏర్పడింది. ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా చీలుతుంది. గౌతమి నుంచి చీలే కోరింగ, గాడేరు పాయలు కాకినాడ అఖాతం వైపు ప్రవహించి కోరింగ మడలకు మంచినీటిని, ఒండ్రును అందిస్తున్నాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన పరిశోధన ప్రకారం గోదావరి నీటిలో తేలియాడుతూ వచ్చే ఒండ్రు 1971-79 మధ్య ఏడాదికి సగటున 15.02 కోట్ల టన్నులు ఉండగా, 1990-98 నాటికి 5.72 కోట్ల టన్నులకు తగ్గింది. 1976, 2001 సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూడగా, 25 ఏళ్ళలో డెల్టా అంచున నికరంగా 18.36 చ.కి.మీ. భూమి సముద్రం పాలైనట్లు వెల్లడైంది. నదిపైనా, ఉపనదులపైనా నిర్మించిన జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవడం ఇందుకు ప్రధాన కారణం కావచ్చునని వారు అభిప్రాయపడ్డారు.

తీరమంతటా పరిస్థితి ఒకే రీతిగా లేదు. కాకినాడ అఖాతానికి తూర్పున సుమారు 18 కిలోమీటర్ల పొడవున ఉన్న ఇసుక తిన్నె, దాని కొనన ఉన్న హోప్ ఐలాండ్ అలల ఉధృతిని అడ్డుకుంటున్నాయి. వాటి చాటున నీరు నెమ్మదించి బురద పేరుకొంటున్నందున కోరింగ మడలు అఖాతం వైపు కొత్త బురద మేటలపైకి విస్తరిస్తున్నాయి. బహిరంగ సముద్రానికి ఎదురుగా ఉన్న మొగల వద్ద మాత్రం తీరం కోతకు గురై, చెట్లు వేర్లతో సహా పడిపోతున్నాయి. ఒక చోట పెరిగి మరొక చోట తరిగిన అడవి మొత్తం లెక్కలో పెరుగుదలగా కనిపించవచ్చు. అందువల్ల రాష్ట్ర స్థాయి అంకెతో పాటు మొగల వారీగా, పాయల వారీగా లెక్కలు చూడవలసి ఉంటుంది.

కృష్ణా డెల్టా

కృష్ణా డెల్టాలో ఒండ్రు కొరత మరింత తీవ్రమైనది. విజయవాడ వద్ద 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, దానికి ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం, కర్ణాటకలోని భారీ జలాశయాలు నదీ ప్రవాహాన్ని దాదాపు పూర్తిగా వినియోగంలోకి తెచ్చాయి. ఫలితంగా డెల్టాకు చేరే ఒండ్రు ఒకప్పటి పరిమాణంలో పదో వంతు కూడా లేదని పరిశోధనలు చెబుతున్నాయి. వర్షాలు తక్కువైన సంవత్సరాలలో బ్యారేజీ దిగువకు చేరే నీరు స్వల్పమే.

నాగాయలంక, సొర్లగొంది, ఏటిమొగ మొదలుకొని నిజాంపట్నం వరకు ఉన్న మడలకు ఇది ప్రత్యక్ష సమస్య. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో పది వేల మందికి పైగా ప్రజలను బలిగొన్నది. ఆ తీరాన నేడు అడవి నిలవడమన్నది అటవీ శాఖకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. సాగునీటి నిర్వహణతో, విపత్తుల నివారణతో ముడిపడిన విషయం.

సాగునీటి అవసరాలు కాదనలేనివి. కాటన్ హయాంలో 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మొదలు నేటి వరకు నిర్మాణమైన ప్రాజెక్టులే ఈ డెల్టాలను ధాన్యాగారాలుగా మార్చాయి. అయితే డెల్టా చివరి అంచున ఉన్న పొలాలు, తాగునీటి బావులు కూడా అదే ఒండ్రుపై, అదే మంచినీటిపై ఆధారపడి ఉన్నాయి. జలాశయాల గేట్లు ఎప్పుడు, ఎంత మేర తెరవాలి, వరద తొలి రోజులలో వచ్చే ఎర్రనీటిని ఎంత దిగువకు వదలాలి అన్న నిర్ణయాలలో మొగల వద్ద నేల అవసరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం ఇరువురికీ మేలు చేస్తుంది.

ఉప్పదనం పెరిగినప్పుడు

మడ చెట్లు ఉప్పును తట్టుకుంటాయే గాని ఉప్పు ఎంత ఎక్కువైతే అంత బాగా పెరుగుతాయన్నది సరికాదు. మంచినీరు కలిసిన చోటనే ఎక్కువ జాతులు, ఎత్తయిన చెట్లు కనిపిస్తాయి. నది నీరు తగ్గి సముద్రపు నీరు పైకి ఎగదన్నినప్పుడు మంచినీటిని కోరే జాతులు వెనుకంజ వేసి, ఉప్పును బాగా ఓర్చుకొనే తెల్లమడ వంటి జాతులు వాటి స్థానాన్ని ఆక్రమిస్తాయి. అడవి విస్తీర్ణం అంతే ఉన్నా వైవిధ్యం తగ్గుతుంది, చెట్లు పొట్టిబారుతాయి.

సుందరబన్స్ అనుభవం ఇందుకు ఉదాహరణ. గంగానదిపై 1975లో ఫరక్కా బ్యారేజీ ప్రారంభమైన తరువాత బంగ్లాదేశ్ వైపు పశ్చిమ భాగానికి ఎండాకాలంలో చేరే మంచినీరు తగ్గి ఉప్పదనం పెరిగింది. ఆ అడవికి పేరు తెచ్చిన సుందరి వృక్షాలు అక్కడ క్షీణించాయి.

వాతావరణ మార్పు ప్రభావం సముద్రం పెరగడంతోనే ముగియదు. ఆస్ట్రేలియా ఉత్తర తీరాన కార్పెంటేరియా సింధుశాఖ వెంట 2015-16లో సుమారు 7,400 హెక్టార్ల మడ అడవులు కొద్ది నెలల వ్యవధిలో ఎండిపోయాయి. అప్పటి ఎల్ నినో ప్రభావంతో సముద్ర మట్టం తాత్కాలికంగా పడిపోవడం, వర్షాభావం, అధిక ఉష్ణోగ్రతలు కలిసి అక్కడి చెట్లకు నీరు అందకుండా చేశాయి. మరొక వైపు అమెరికాలోని ఫ్లోరిడా అట్లాంటిక్ తీరాన 1984-2011 మధ్య గడ్డకట్టే చలి రోజులు తగ్గడంతో మడ అడవులు ఉత్తర దిశగా విస్తరించాయి. ఒకే వాతావరణ మార్పు ఒక చోట నష్టాన్ని, మరొక చోట విస్తరణను కలిగించగలదని దీనివల్ల తెలుస్తోంది.

వెనుకకు జరగడానికి జాగా

సముద్రం ముందుకు వచ్చినప్పుడు మడ అడవి లోతట్టుకు జరగడం ప్రకృతి సహజం. ముందు వరుస చెట్లు చనిపోతుండగా, మొలకలు పోటు నీటి వెంట లోతట్టు పర్ర భూములలోకి చేరి అక్కడ స్థిరపడతాయి. డెల్టా నేల చదునుగా ఉన్నందున ఈ కదలిక తక్కువదేమీ కాదు. ఏడాదికి 3.3 మి.మీ. చొప్పున పెరిగితే 30 ఏళ్ళలో సముద్ర మట్టం సుమారు 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఐదు కిలోమీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు ఉన్న నేలలో 10 సెంటీమీటర్లు అంటే పోటు రేఖ అర కిలోమీటరు లోపలికి జరగడమే.

ఆ అర కిలోమీటరులో ఏమున్నది అన్నదే అసలు ప్రశ్న. డెల్టా తీరంలో అనేక చోట్ల మడ అడవిని ఆనుకొని రొయ్యల చెరువుల గట్లు, రోడ్లు, కరకట్టలు ఉన్నాయి. ముందు సముద్రం, వెనుక గట్టు ఉన్నప్పుడు అడవి రెండింటి మధ్య నలిగి సన్నని పట్టీగా మారుతుంది. ఉప్పు నీటి నుంచి గ్రామాలను, పొలాలను కాపాడే కరకట్టలు అవసరమే. అయితే కొత్త గట్టు ఎక్కడ వేయాలి, పాత గట్టును పటిష్టపరచేటప్పుడు ఎంత వెనుకకు తేవచ్చు అన్న ఆలోచన పనుల అంచనాలు తయారయ్యే దశలోనే జరగాలి.

1990వ దశకంలో రొయ్యల సాగు శరవేగంగా విస్తరించింది. ఆ దశకం మధ్యలో తెల్లమచ్చ వ్యాధి వ్యాపించడంతో అనేక చెరువులు పాడుబడ్డాయి. తీర ప్రాంత రొయ్యల సాగుపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు కీలక తీర్పు వెలువరించింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. పాడుబడిన చెరువుల గట్లకు గండ్లు పెట్టి పోటు నీటిని తిరిగి రానిస్తే అవి మడ అడవి వెనుకకు జరగడానికి సిద్ధంగా ఉన్న స్థలాలుగా ఉపయోగపడతాయి.

తుఫానుల వేళ రక్షణ: మేలు, పరిమితి

కోరింగ పేరు తుఫానుల చరిత్రలో విషాదకరంగా నిలిచింది. 1789, 1839 సంవత్సరాలలో వచ్చిన ఉప్పెనలు నాటి కోరింగ రేవును నాశనం చేశాయి. 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను దెబ్బతీసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది.

1999 అక్టోబరులో ఒడిశాను తాకిన పెను తుఫానుపై 2009లో ప్రచురితమైన పరిశోధన, కేంద్రపడా జిల్లాలో సముద్రానికి, గ్రామానికి మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న చోట్ల మరణాలు తక్కువగా నమోదైనట్లు నిర్ధారించింది. ముందస్తు హెచ్చరికలు అంతకంటే ఎక్కువ ప్రాణాలను కాపాడాయని కూడా ఆ పరిశోధన స్పష్టం చేసింది.

ఈ రక్షణకు పరిమితులు ఉన్నాయి. వంద మీటర్ల వెడల్పు గల మడ అడవి సాధారణ అలల ఎత్తును 13 నుంచి 66 శాతం వరకు తగ్గించగలదని క్షేత్ర పరిశీలనలు తెలుపుతున్నాయి. ఉప్పెన విషయంలో తగ్గుదల ఒక కిలోమీటరు వెడల్పుకు 5 నుంచి 50 సెంటీమీటర్ల వరకు మాత్రమే ఉంటుంది. మీటర్ల ఎత్తున వచ్చే ఉప్పెనకు సన్నని చెట్ల వరుస అడ్డు నిలవదు. కనుక మడ అడవి ఉన్నదన్న ధీమాతో తుఫాను షెల్టర్లను, ప్రజల తరలింపును నిర్లక్ష్యం చేయరాదు. అడవి వెడల్పు తగ్గుతున్న కొద్దీ రక్షణ కూడా తగ్గుతుందన్న వాస్తవాన్ని విపత్తు ప్రణాళికలలో గుర్తించాలి.

నాటడం కంటే ముందు నీటి దారి

మడల పునరుద్ధరణ అనగానే మొక్కలు నాటడమే గుర్తుకు వస్తుంది. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు జరిగిన నాటకాలను 2008లో సమీక్షించగా, దీర్ఘకాలంలో బతికిన మొక్కలు సాధారణంగా 10 నుంచి 20 శాతం మాత్రమేనని తేలింది. తగని జాతిని, తగని స్థలంలో, ముఖ్యంగా ఎక్కువ సేపు మునిగి ఉండే సముద్రపు అంచు బురదలో నాటడమే ఇందుకు కారణం.

ఈ విషయంలో తూర్పు తీరానికి స్వంత అనుభవం ఉంది. గతంలో వంతుల వారీగా నరికివేసిన మడలలో నేల ఎండకు గురై, తేమ ఆవిరై, మధ్య భాగం పళ్ళెంలా కుంగిపోయింది. పోటు నీరు అందులోకి వచ్చి తిరిగి పోలేక నిలిచి ఆవిరవడంతో ఉప్పు పేరుకొని మొలకలు చనిపోయాయి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీ శాఖలు, గ్రామస్థుల సహకారంతో తమిళనాడులోని పిచ్చావరంలోనూ, గోదావరి, కృష్ణా డెల్టాలలోనూ ఇటువంటి స్థలాలలో చేప ముల్లు ఆకారపు కాలువలను తవ్వించింది. ఒక ప్రధాన కాలువను పాయతో కలిపి, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తీయడం ఈ పద్ధతి. నీరు వచ్చి పోవడం మొదలైన తరువాత ఉప్పదనం తగ్గి, కాలువ ఒడ్డున నాటిన మొక్కలు నిలదొక్కుకున్నాయి.

కాలువ తవ్వకంతో పని పూర్తి కాదు. ఒండ్రు చేరి పూడిపోయే కాలువలలో ఏటా పూడిక తీయాలి. అందుకు గ్రామ స్థాయి సంఘాల పాత్ర, నిర్వహణ నిధులు తప్పనిసరి. నాటిన మొక్కల సంఖ్య కంటే మూడేళ్ళ తరువాత, ఐదేళ్ళ తరువాత బతికి ఉన్న మొక్కల సంఖ్యను, సహజంగా మొలిచిన వాటి సంఖ్యను నివేదికలలో చేర్చడం వాస్తవ చిత్రాన్ని అందిస్తుంది.

కర్బన నిల్వ

మడ అడవుల మరొక విశేషం కర్బన నిల్వ. హిందూ, పసిఫిక్ మహాసముద్ర ప్రాంతాలలోని 25 మడ అడవులపై 2011లో ప్రచురితమైన అధ్యయనం హెక్టారుకు సగటున 1,023 టన్నుల కర్బనం నిల్వ ఉన్నట్లు లెక్కగట్టింది. అందులో అధిక భాగం చెట్లలో గాక బురద నేలలో ఉంది. అడవి కోతకు గురైనా, చెరువుగా మారినా శతాబ్దాలుగా పేరుకొన్న ఆ కర్బనం గాలిలో కలుస్తుంది. కొత్త మొక్కలు దానిని భర్తీ చేయడానికి చాలా కాలం పడుతుంది. కనుక ఉన్న అడవిని కాపాడటం కొత్త అడవిని పెంచడం కంటే ముందు వరుసలో ఉండాలి.

చట్టం, పథకాలు

తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు తొలిసారిగా 1991 ఫిబ్రవరిలో వచ్చాయి. 2011లోనూ, 2019లోనూ వాటి స్థానంలో కొత్త నోటిఫికేషన్లు వెలువడ్డాయి. 2019 నోటిఫికేషన్ మడ అడవులను అత్యంత సున్నిత ప్రాంతాల వర్గంలో చేర్చింది. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల రక్షణ జాగా ఉండాలని నిర్దేశించింది. ప్రైవేటు భూములలోని మడలకు ఈ జాగా నిబంధన వర్తించదు. నేటి అడవిని కాపాడటానికి 50 మీటర్లు ఉపకరిస్తాయి. రానున్న దశాబ్దాలలో పోటు రేఖ వందల మీటర్లు జరగగల చదును నేలలలో అంతకు మించిన ప్రణాళిక అవసరమవుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2023-24 బడ్జెట్‌లో ప్రకటించి, 2023 జూన్ 5న ప్రారంభించిన మిష్టి పథకం కింద ఐదేళ్ళలో 9 రాష్ట్రాలు, 4 కేంద్రపాలిత ప్రాంతాలలో సుమారు 540 చ.కి.మీ. మేర మడల పునరుద్ధరణను లక్ష్యంగా నిర్ణయించారు.

జిల్లా స్థాయిలో గమనించవలసిన అంశాలు

మడ అడవుల పరిస్థితిని సమీక్షించే అధికారులకు, వాటి గురించి రాసే పాత్రికేయులకు ఈ క్రింది అంశాలు ఉపకరిస్తాయి.

ఒకటి, విస్తీర్ణపు లెక్కలను మొగల వారీగా పరిశీలించడం. పెరిగిన చోటు, తరిగిన చోటు విడివిడిగా నమోదు కావాలి.

రెండు, నేల ఎత్తును కొలవడం. బురదలో లోతుగా దించిన స్థిరమైన కడ్డీ ఆధారంగా మిల్లీమీటర్లలో నేల కదలికను కొలిచే పద్ధతి అనేక దేశాలలో అమలులో ఉంది. కొన్నేళ్ళ పాటు వరుసగా తీసిన కొలతలే ఏ పాయ సముద్రంతో పోటీపడగలుగుతున్నదో, ఏది వెనుకబడుతున్నదో చెప్పగలవు.

మూడు, బ్యారేజీల దిగువకు వదిలిన నీటి పరిమాణంతో పాటు అందులోని ఒండ్రును కూడా నమోదు చేయడం. పోలవరం వంటి భారీ జలాశయాల నిర్వహణ విధానంలో దిగువకు ఒండ్రును పంపే అవకాశాలను పరిశీలించడం.

నాలుగు, మడ అడవి వెనుక గల ప్రభుత్వ పర్ర భూములను, పాడుబడిన చెరువులను గుర్తించి, వాటిని ఇతర అవసరాలకు కేటాయించే ముందు భవిష్యత్తులో అడవికి కావలసిన జాగాగా పరిశీలించడం.

ఐదు, పునరుద్ధరణ పనులలో నీటి రాకపోకలు, ఉప్పదనం, జాతుల ఎంపిక సరిచూసిన తరువాతనే నాటకాలు చేపట్టడం, మత్స్యకారుల అనుభవాన్ని స్థల ఎంపికలో వినియోగించుకోవడం.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ ఒక శాఖ పరిధిలో పూర్తిగా ఇమిడేది కాదు. అడవి అటవీ శాఖది, నీరు జలవనరుల శాఖది, గట్టు వెనుక భూమి రెవెన్యూ శాఖది, చెరువు మత్స్య శాఖ పరిధిలోనిది, ఉప్పెన వేళ ప్రజల రక్షణ విపత్తుల నిర్వహణ యంత్రాంగానిది. సముద్ర మట్టం పెరుగుదలను ఏ జిల్లా యంత్రాంగమూ ఆపలేదు. ఒండ్రు, మంచినీరు, జాగా మాత్రం ఈ శాఖల ఉమ్మడి నిర్ణయాలతో సమకూరేవే. ఆ నిర్ణయాలు ఎంత త్వరగా జరిగితే కోరింగ, దివిసీమ, నిజాంపట్నం తీరాలలోని మడలు అంత వెడల్పుగా నిలుస్తాయి. వాటి వెనుక ఉన్న గ్రామాలకు అంత రక్షణ మిగులుతుంది.